కిటికీలోంచి అమ్మిన ఇల్లు

లస్కరు వీరాస్వామి షట్టరు దించాడంటే గోదారి కూడా కాసేపు నిలబడి, "ఏంటండి సంగతి?" అని అడిగి మరీ వెనక్కి మళ్లేదని రామచంద్రపురం చుట్టుపక్కల చెప్పుకుంటారు. చెప్పుకునేది ముఖ్యంగా వీరాస్వామే, మిగతావాళ్లు వింటారు. ముప్పై నాలుగేళ్లు కాలవ మీద తూము షట్టర్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. ఆఫీసు పనిలో ఎత్తినన్నిసార్లు దించాడు, దించినన్నిసార్లు ఎత్తాడు. ఇంటి దగ్గర మాత్రం దించడమే గాని ఎత్తడం లేదు. దాని ఫలితంగా కాలవగట్టు వీధిలో నాలుగు గదులు, ఆరు కిటికీలు, చక్కని గాలి, చల్లని నేల ఉండి, గుమ్మం అనేది ఒక్కటంటే ఒక్కటీ లేని ఇంటికి యజమాని అయ్యాడు.

ఇంట్లోకి వెళ్లాలంటే ఈశాన్యం మూల వంటింటి కిటికీయే దారి. దానికున్న ఇనప ఊచలు కోయించేశాడు. బయట రెండు సిమెంటు దిమ్మెలు, లోపల ఒక ఎత్తుపీట. దిమ్మెలెక్కి, కిటికీలో కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుని, పీట మీదికి దిగాలి. పక్కనే స్టవ్వు ఉంటుంది గనక పప్పు ఉడికే వేళ చుట్టాలు రాకపోవడం వాళ్లకే మంచిది. గ్యాసు బండ అలాగే వస్తుంది, బియ్యం బస్తా అలాగే వస్తుంది. ఒకసారి గ్రామ దేవత జాతర చందాకి వచ్చిన పెద్దమనుషులు ఏడుగురూ అలాగే వచ్చి, చందా అడగడం మర్చిపోయి, మళ్లీ అలాగే వెళ్లిపోయారు.

చిక్కల్లా వీరాస్వామి భార్య సూరమ్మ మోకాళ్లతో వచ్చింది. ఆ మోకాళ్లు పోయిన ఏడాది, "ఇక మా వల్ల కాదు" అనేశాయి. నలుగురు మనుషులు పట్టుకుని ఆమెను బయటికి దాటించాలని ఒక్కసారి ప్రయత్నించారు. నడుం దాకా వచ్చి ఆగిపోయింది. ముందుకి లాగితే మోకాలు నొప్పి, వెనక్కి తోస్తే నడుం నొప్పి. అలా ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా ఉండిపోయింది. వీధిలో ఆడవాళ్లు వచ్చి పలకరించారు, ఒకావిడ తల దువ్వి జడ వేసింది, ఇంకొకావిడ ముద్దలు కలిపి పెట్టింది. చివరికి ఒంటికి ఆముదం రాసి లోపలికే జార్చారు. అప్పట్నుంచి పదకొండు నెలలుగా సూరమ్మ వీధి మొహం చూడలేదు.

"ఇల్లు అమ్మెయ్యండి," అంది ఒకరోజు. "గుమ్మం ఉన్న ఇల్లు కొనండి. తాటాకు పాకైనా ఫరవాలేదు, గుమ్మం ఉంటే చాలు. నేను నా కాళ్ల మీద నడుచుకుంటూ వీధిలోకి వెళ్లాలి. లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."

"గోడ పగలగొడితే సరిపోదా?" అని మీరడుగుతారు. ఊళ్లో అందరూ అడిగారు. కానీ ఆ ఇంట్లో ఏ గోడ పగలగొట్టినా ఒక పాత కష్టం బయటికి దూకుతుందని వీరాస్వామి నమ్మకం. ప్రాణం పోయినా పగలగొట్టనివ్వడు. అందుకని ఇంటిని అమ్మకానికి పెట్టాడు. తొమ్మిది పార్టీలు వచ్చాయి. తొమ్మిదీ దిమ్మెల దగ్గరే నమస్కారం పెట్టి, మళ్లీ వస్తామని చెప్పి, మళ్లీ కనిపించలేదు. పదోవాడు ఆరోన్ మాస్టారు. పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. "మాది చర్చి కుటుంబం అండి, మాకు వాస్తు పట్టింపు లేదు," అన్నాడు. ఆ మాటకి వీరాస్వామి లోపల కాస్త నొచ్చుకున్నాడు గాని, బయటికి మాత్రం, "ఆయ్, అలాగేనండి," అన్నాడు. "ఇలా కిటికీలోంచి వచ్చామేంటండి?" అని మాస్టారు అడిగితే, "గుమ్మాలకి పెయింటు వేస్తున్నారండి," అన్నాడు. మాస్టారు మర్యాదస్తుడు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

రేపు రిజిస్ట్రేషన్ అనగా, ఇవాళ పొద్దున్నే మాస్టారు తన భార్య సారికను వెంటబెట్టుకుని, టేపు పట్టుకుని, ఇల్లు ఆఖరిసారి చూసుకోవడానికి వచ్చాడు. సారిక ఆస్పత్రిలో నర్సు. మందు చేదుగా ఉంటుందని ముందే చెప్పి పోసే రకం.

వాళ్లు రాకముందే సూరమ్మ మొగుణ్ణి హెచ్చరించింది. "ఇవాళ ఒక్క అబద్ధం ఆడారంటే మీ మీద ఒట్టే, నేనే లేచి అన్నీ చెప్పేస్తాను. రేపు వాళ్లు చేరాక తిట్టుకోకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవడు కొంటాడే?"

"లేనిది ఉన్నట్టు చెప్పి తొమ్మిది మందిని తోలేశారుగా."

మాస్టారూ, సారికా దిమ్మెలెక్కారు.

"రండి మాస్టారూ, రండి. అమ్మాయిగారూ, కుడికాలు ముందు పెట్టండి," అన్నాడు వీరాస్వామి.

"కిటికీలోంచి కుడికాలు ముందెలా పెడతామండి?"

"కూర్చుని పెట్టాలండి. అలవాటైతే హాయిగా ఉంటుంది."

సారిక దిగి, చీర సర్దుకుని, మొగుడి చెవిలో అడిగింది. "పెయింటు వేస్తున్నారన్నారుగా, ఏదీ గుమ్మం?"

"నేనూ అదే చూస్తున్నాను."

"పోయినసారి అడగలేదా?"

"ఒకసారి అడిగాను. రెండోసారి అడిగితే ఏం బాగుంటుంది?"

"ఇల్లు కొంటున్నామండీ! దాంట్లోకి ఎటునుంచి వెళ్లాలో అడిగితే బాగోదా?"

హాల్లో కుర్చీలో కూర్చున్న సూరమ్మకి ఆ పిల్ల అక్కడికక్కడే నచ్చేసింది. "అడుగమ్మా, గట్టిగా అడుగు. ఆయన ఇవాళ నిజాలు చెప్పే రోజు. పెందరాళే వచ్చి మంచిపని చేశావు, మళ్లీ ఈ రోజు ఎప్పుడొస్తుందో!"

వీరాస్వామి గొంతు సవరించుకున్నాడు. నిజం అతని గొంతులోంచి పోయి చాలాకాలమైంది, దారి కాస్త పూడిపోయి ఉంది.

"ఇదండి తూర్పు," అని ఒక గోడ చూపించాడు. గోడలో ఇటుకలతో పూడ్చేసిన ద్వారబంధం, దాని మీద నాలుగేళ్లనాటి క్యాలెండరు. "ఇల్లు కట్టినప్పుడు సింహద్వారం ఇదేనండి. టేకు చెక్క. ఆ గుమ్మం చూడ్డానికి యానాం నుంచి..."

"ఏవండీ," అంది సూరమ్మ.

"... యానాం నుంచి ఎవరూ రాలేదండి. గృహప్రవేశం అయిన వారానికి ఎదురుగా కరెంటు స్తంభం పాతారు. ఆ నెల్లోనే నాకు రావాల్సిన ప్రమోషను మురళీకృష్ణ అనే వాడికి వెళ్లింది. సిద్ధాంతిగారిని అడిగితే స్తంభం పోటు అన్నారు. మూసేశాను."

"స్తంభాన్ని పక్కకి వేయించుకోవచ్చు కదండి?" అన్నాడు మాస్టారు.

వీరాస్వామి అతని వంక జాలిగా చూశాడు. ఇరవై రెండేళ్లలో ఈ ఆలోచన తనకి రాలేదు.

ఉత్తరం గోడ దగ్గర రెండో గుమ్మం. అది పెట్టిన ఏడాదికి గేదె పాలు ఇవ్వడం మానేసిందట. "గేదె చూడుతో ఉందమ్మా," అంది సూరమ్మ కుర్చీలోంచి. "ఈనే ముందు ఏ గేదె పాలిస్తుంది? ఈయన గుమ్మం మూయించిన తొమ్మిదో రోజున ఈనింది. గుమ్మం మూయబట్టే ఈనిందని ఊరంతా జున్ను పంచారు."

"అయితే మరి పడమర?" అంది సారిక. ఆమెకి ఇప్పుడు ఇల్లు కన్నా కథ ముఖ్యమైపోయింది.

వీరాస్వామి ఆ గోడ దగ్గర ఆగలేదు. "ఇక్కడ బీరువా బాగా కుదురుతుందండి," అని దాటేయబోయాడు.

"ఆగండి," అంది సూరమ్మ. "ఇది నేను చెబుతాను. ఈయన ఉద్యోగంలో చేరకముందు... కాదు, అబద్ధం నాకూ అంటుకుంటోంది. ఈయన తమ్ముడు బుల్లబ్బాయి వార్డు మెంబరుగా నిలబడ్డాడమ్మా. గవర్నమెంటు ఉద్యోగి గనక ఈయన నిలబడకూడదు, తమ్ముణ్ణి నిలబెట్టి వెనకాల ఈయన తిరిగారు. పోలింగు రోజున పడమర గుమ్మం తెరిచి ఉండకూడదని సిద్ధాంతి చెప్పాడు. తెల్లారగట్ల ఈయన బూత్‌కి వెళ్లిపోయి, తాపీమేస్త్రీని పంపించారు. నేను స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఓటరు స్లిప్పు పట్టుకుని వచ్చేసరికి గుమ్మం ఉన్నచోట గోడ ఉంది. తడి గోడ. అప్పటికి కిటికీలకి ఊచలున్నాయి. సాయంత్రం దాకా ఊచలు పట్టుకుని అరిచాను."

"తరవాత?"

"బుల్లబ్బాయి ఓడిపోయాడు. ఒక్క ఓటుతో."

సారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, జాలిపడుతోందో ఆమెకే తెలియలేదు. మాస్టారు మర్యాదగా పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పడమర దోషం అంత గట్టిదండి," అన్నాడు వీరాస్వామి మెల్లిగా. "మూసినా వదల్లేదు."

దక్షిణం గుమ్మం మూడు రోజులే బతికింది. మేస్త్రీ దానికి బయట మెట్టు కట్టడం మర్చిపోయాడు. నాలుగో రోజు పొద్దున్న వీరాస్వామి ధీమాగా అడుగు బయటికి వేసి, ఆరు వారాలు కాలికి పిండికట్టుతో పడుకున్నాడు. ఆ తర్వాత సిద్ధాంతి బాగా ఆలోచించి, కిటికీ అనేది గుమ్మం కాదు గనక దానికి ఏ దోషమూ అంటదని తేల్చాడు.

"చూశారా, అప్పట్నుంచి నాకు ఒక్క కష్టం లేదండి," అన్నాడు వీరాస్వామి.

"ఆయనకి లేదు," అంది సూరమ్మ.

మాస్టారు టేపు తెరిచి కిటికీ కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "బాబాయిగారూ, మా మంచం ఇందులోంచి రాదండి. మీ మంచం ఎలా వచ్చింది?"

"అది రాలేదండి. లోపలే పుట్టింది. వడ్రంగి చెక్కలు తెచ్చుకుని ఇక్కడే చేశాడు. మీరు వెళ్లేటప్పుడు అది మీకే వదిలేస్తాం."

"మేం వెళ్లడం ఏంటండి, మేం రావడం కదా."

"అదేనండి."

ఇల్లు మంచిదే. నేల బీటలు లేవు, కాలవ గాలి నేరుగా వస్తుంది, బడికి సైకిలు దూరం. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారిన సారిక ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, తూర్పు గోడ లేనట్టు, అక్కడ ఎండ పడుతున్నట్టు ఊహించుకుంది. "తీసుకుందామండి," అంది మొగుడితో. "చేరిన రోజే తూర్పు గుమ్మం తెరిపిద్దాం." సూరమ్మ మొహం విప్పారింది. అంతలోనే సారిక తిరిగి అడిగింది. "పిన్నిగారూ, రేపు ఆఫీసుకి ఎన్నింటికి వస్తారు?"

"నేనెందుకమ్మా? సంతకం ఆయన పెడతారుగా."

"దస్తావేజులో అమ్మేవారు మీరేగా! స్థలం మీ నాన్నగారు పెళ్లిలో పసుపు కుంకుమ కింద మీ పేరున రాశారని ఉంది. ఫొటో తీయాలి, వేలిముద్రలు మిషను మీద వెయ్యాలి. మీరు రాకపోతే పని జరగదు."

స్టవ్వు మీద పప్పు ఒక్కటే మాట్లాడుతోంది.

సూరమ్మ బయటికి వెళ్లాలంటే ఇల్లు అమ్మాలి. ఇల్లు అమ్మాలంటే సూరమ్మ బయటికి వెళ్లాలి. లెక్కల మాస్టారు వేళ్ల మీద అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి వేసి చూసి, "ఇది తేలదండి," అన్నాడు.

వీరాస్వామి ఫోను తీశాడు. మండపేటలో ఉండే ఉదయభాస్కర్ సిద్ధాంతికి చేశాడు. "స్పీకర్లో పెట్టండి బాబాయిగారూ," అంది సారిక.

"సిద్ధాంతిగారూ, వీరాస్వామినండి. అర్జంటుగా ఒక గుమ్మం తియ్యాలండి. రేపే. నాకు దోషం తగలకుండా ఎటు తీయమంటారు?"

"రిజిస్ట్రేషన్ అయ్యాక కొన్నవాళ్లు తీస్తే మీకు తగలదు. ముందు తీస్తే అమ్మేవారికే తగులుతుంది."

"రిజిస్ట్రేషన్ అవ్వాలంటే ముందు మా ఆవిడ బయటికి రావాలండి. ఇల్లు తన పేరున ఉంది."

ఫోను కట్టయిందేమోనని వీరాస్వామి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరి పేరున?" అన్నాడు సిద్ధాంతి.

"మా ఆవిడ పేరునండి. సూరమ్మ."

"మరి ఇరవై రెండేళ్లుగా మీ పేరు, మీ నక్షత్రం చెప్పి దిక్కులు అడిగారేంటండి? గుమ్మం యజమాని పేరుకి చూస్తారు గాని పక్కింటాయన పేరుకి చూస్తారా?"

"నేను పక్కింటాయన్ని కాదండి, మొగుణ్ణి."

"శాస్త్రానికి ఇద్దరూ ఒకటే. నాలుగు గుమ్మాలూ వేరే మనిషికి చూసి పెట్టాను. వాటి మంచీ మీకు లేదు, చెడ్డా మీకు లేదు. నన్నేం అనకండి, నన్ను అడిగింది మీరు. ఇప్పుడైనా ఆవిడ నక్షత్రం చెప్పండి, చూస్తాను."

సూరమ్మ కుర్చీలోంచే చెయ్యి చాచి ఫోను తీసుకుంది. "నమస్కారమండి. ఇన్నాళ్లూ నా నక్షత్రం ఎవరికీ పనికిరాలేదు, ఇవాళ కూడా వద్దులెండి. ఉంటాను." ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసింది. "గునపం ఎక్కడుంది?"

వీరాస్వామి నిలబడే ఉన్నాడు. ప్రమోషనూ, గేదె పాలూ, ఒక్క ఓటూ, విరిగిన కాలూ ఇన్నేళ్లు తలా ఒక గోడ చాటున ఉన్నాయి. ఇప్పుడు ఆ గోడల వెనక ఏమీ లేదని చెబితే మనిషి దేన్ని ఆనుకుని నిలబడాలి? మురళీకృష్ణ పరీక్ష పాసయ్యాడు, తను తప్పాడు. అది అప్పుడే తెలుసు. ఆ తప్పడానికి స్తంభం కూడా తోడుంటే బాగుంటుందనిపించింది, అంతే.

"ఎటు కొట్టమంటావు?" అన్నాడు.

"పడమర. ఆ రోజు ఓటుకి బయల్దేరిన దారి అదే. ఇంకా వెళ్లలేదు."

మంచం కింద నుంచి గునపం వచ్చింది. మొదటి దెబ్బ వీరాస్వామి వేశాడు. అది ఎంత భయం భయంగా పడిందంటే గోడ సున్నం కూడా రాలలేదు. రెండోది మాస్టారు వేశాడు. మూడోది సారిక వేసింది, ఇటుక లోపలికి పోయింది. ఆ తర్వాత వీరాస్వామికి చెయ్యి ఊపు వచ్చింది. ముప్పై నాలుగేళ్లు ఇనప షట్టర్లు ఎత్తిన చేతులవి. గంటలో తలకాయ పట్టేంత కంత పడింది.

ఆ కంతలోంచి నిజంగానే ఒక తలకాయ లోపలికొచ్చింది. నల్లది, రెండు కొమ్ములున్నాయి. నెమరు వేస్తూ నలుగుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది.

"ఓరి దేవుడా," అన్నాడు వీరాస్వామి. "పడమర దోషం ఇదిగో!"

"దోషం కాదండి, మా గేదె," అని అవతలి నుంచి గొంతు వినిపించింది. పక్కింటి అచ్చిబాబు. "ఏంటండి వీరాస్వామిగారూ, మా పాకలోకి గుమ్మం పెడుతున్నారు? ఒక్క కబురు చెబితే గేదెను పక్కకి కట్టేసేవాణ్ణి కదండి!"

"సందు ఉండాలిగా ఇక్కడ!"

"ఉండేదండి. మీరు గుమ్మం మూసేశారుగా. సందు ఊరికే పడుందని పాక ముందుకి జరిపాను. మీరు అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. నాకై నేను చెబితే బాగోదని ఊరుకున్నాను."

"నాకు అసలు కనపడితేగా అడగడానికి!"

"కొట్టుకోవడాలు తర్వాత," అంది సూరమ్మ. అప్పటికే కుర్చీలోంచి లేచింది. "అచ్చిబాబూ, నీ గేదెను కాస్త జరుపు. నేను వస్తున్నాను."

మిగతా ఇటుకలు అచ్చిబాబు అటునుంచి తీశాడు. మోకాలి ఎత్తున గోడ మిగలకుండా నేలమట్టం దాకా తీయించింది సారిక. సూరమ్మ ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసింది, రెండో చెయ్యి గేదె వీపు మీద వేసింది. గేదెకు అభ్యంతరం లేకపోయింది. ముగ్గురూ నడుచుకుంటూ పాక దాటి, పేడకుప్ప చుట్టూ తిరిగి, అచ్చిబాబు వాకిట్లోంచి వీధిలోకి వచ్చారు. గేదె అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లనంటే అచ్చిబాబు తాడు పట్టి లాక్కెళ్లాల్సి వచ్చింది.

సూరమ్మ వీధి మధ్యలో నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది. "ఆ కిరాణా కొట్టుకి ఆకుపచ్చ రంగు ఎప్పుడేశారు?" అంది.

ఆ రాత్రి ఆమె ఇంట్లోకి రానంది. "ఒకసారి లోపలికొస్తే మీరు మళ్లీ ఏ సిద్ధాంతికి ఫోను చేస్తారో," అని అచ్చిబాబు ఇంట్లోనే పడుకుంది. వీరాస్వామి మాత్రం కంత ముందు కుర్చీ వేసుకుని, అటునుంచి గేదె చూస్తుండగా, అన్నం తిన్నాడు.

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అందరికన్నా ముందు సూరమ్మే చేరింది. ఫొటో తీశారు. మిషను మీద పది వేళ్లూ పెట్టింది. "మీ ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా అమ్మా?" అని ఆఫీసరు అడిగాడు.

"అమ్మడం నా ఇష్టమేనండి. కట్టడమే నన్నడగలేదు."

సాక్షి సంతకానికి వీరాస్వామిని పిలిచారు. పలకలేదు. మాస్టారు బయటికొచ్చి చూస్తే వరండా కింద చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఆ ఆఫీసు గుమ్మం దక్షిణానికి ఉంది.

"మీ నక్షత్రం కాదు కదండి, ఆఫీసుది గవర్నమెంటు పేరు," అన్నాడు మాస్టారు, ఓపిగ్గా.

"తెలుసండి. తెలిసినా కాళ్లకి చెప్పాలిగా."

లోపల్నుంచి సూరమ్మ గొంతు వినిపించింది. "ఏవండీ, మీ ఒక్క సంతకం కోసం ఆగింది. పోనీ మేస్త్రీని పిలిపించి కిటికీ తెరిపించమంటారా?"

క్యూలో వాళ్లు నవ్వారు. వీరాస్వామి కళ్లు గట్టిగా మూసుకుని, రెండు కాళ్లూ కలిపి ఒకే గెంతులో గుమ్మం దాటాడు. దాటి, తనకేమైనా అయిందేమోనని ఒంటి నిండా తడుముకున్నాడు. ఏమీ కాలేదు. సంతకం పెట్టాడు. దాని కింద గీత మామూలుగా ఒకటి గీస్తాడు, ఇవాళ రెండు గీశాడు.

పని అయిపోయింది. మాస్టారు, సారిక కాగితాలు చూసుకుంటున్నారు. సూరమ్మ మెల్లిగా నడిచి గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి మళ్లీ లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికొచ్చింది. మళ్లీ వెళ్లింది. క్యూ ఆగిపోయింది.

"ఏమైనా మర్చిపోయారా అమ్మా?" అని గుమాస్తా అడిగాడు.

"లేదు బాబూ, ఊరికే," అంది సూరమ్మ.

వీరాస్వామి రెండు చేతులూ అడ్డంగా చాచి క్యూను వెనక్కి జరిపాడు. "కాస్త ఆగండి బాబూ, ఆగండి. ఆవిడ తిరుగుతోంది."

సూరమ్మ ఇంకోసారి లోపలికి వెళ్లింది.